ఎషు సాతాను కాదు: ఆఫ్రికా సంప్రదాయ మతాలు, క్రైస్తవం మీద కొన్ని అపోహలు

మతాల చరిత్ర పాఠాలు చెప్పడం నా పని. ఆఫ్రికా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ క్లాసులో వినపడే మాటలివి.

అపోహ: ఆఫ్రికాకు దేవుణ్ణి పరిచయం చేసింది తెల్ల మిషనరీలే.

వాస్తవం: ఇథియోపియా ప్రాంతాన్ని ఏలిన అక్సుమ్ రాజు ఎజానా 4వ శతాబ్దంలోనే క్రైస్తవుడయ్యాడు. ఆంగ్లో-శాక్సన్లకు సువార్త చెప్పడానికి రోమ్ నుంచి అగస్టీన్ అనే సన్యాసి ఇంగ్లండు వెళ్లింది ఆ తర్వాత, 597లో. క్రైస్తవం చేరని చోట్ల కూడా సృష్టికర్తకు పేరుంది. నైజీరియాలోని యొరుబాలకు ఒలోరున్, జింబాబ్వేలోని షోనాలకు మ్వారి, కెన్యాలోని కికుయులకు న్గాయ్. వాళ్ల భాషల్లోకి బైబిల్ వచ్చినప్పుడు దేవుడికి ఆ పేర్లే వాడారు.

అపోహ: ఎషు అంటే యొరుబాల సాతాను.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. నైజీరియా యొరుబాలు తమ దేవతల్ని ఒరిషాలంటారు. వాళ్లలో కబురు మోసేవాడు ఎషు. కూడళ్లలో ఉంటాడు. మనిషి పెట్టిన నైవేద్యం పైకి చేరాలంటే ఆయన చేతుల మీదుగానే వెళ్లాలి. అందుకే ముందు ఆయన గుర్తుగా ఉన్న రాయి మీద పామాయిల్ పోస్తారు. తుంటరి కూడా. ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నలుపు ఉన్న టోపీ పెట్టుకుని ఇద్దరు స్నేహితుల పొలాల మధ్య నుంచి నడిచి వెళ్లాడట. ఎర్ర టోపీ అని ఒకడు, కాదు నల్లది అని ఇంకొకడు కొట్టుకున్నారు. ఇందులో సాతాను ఎక్కడున్నాడు?

సాతాను వచ్చింది బైబిల్ అనువాదంలో. ఆ అనువాదంలో పాలుపంచుకున్న శామ్యూల్ అజాయి క్రౌథర్ స్వయంగా యొరుబా మనిషి. చిన్నప్పుడే బానిసగా అమ్ముడుపోయాడు. 1822లో బ్రిటిష్ నౌకాదళం విడిపిస్తే సియెరా లియోన్‌లోని ఫ్రీటౌన్ చేరాడు, 1864లో బిషప్ అయ్యాడు. ఆయన చేయి పడిన యొరుబా బైబిల్లో, మత్తయి 4వ అధ్యాయంలో యేసును శోధించేది ఎషు! అదే చోట మన తెలుగు బైబిల్లో 'అపవాది' అని ఉంటుంది. అక్కడ మనవాళ్లు ఏ గ్రామదేవత పేరూ పెట్టలేదు.

అపోహ: చనిపోయిన పెద్దల్ని సృష్టికర్తతో సమానంగా కొలుస్తారు.

వాస్తవం: లేదు. పోయినా వాళ్లు ఇంటివాళ్లే. చాలాచోట్ల నాలుగు చుక్కల కల్లో సారాయో నేల మీద వదిలి వాళ్లను పలకరిస్తారు.

అపోహ: బాప్తిస్మం తీసుకుంటే పాత మతంతో తెగతెంపులే.

వాస్తవం: యొరుబాల్లో పుట్టిన అలదురా అనే క్రైస్తవ సంఘాలను చూడండి. 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో నైజీరియా పట్టణం ఇజెబు-ఒదెలో కొందరు ఆంగ్లికన్లు పెట్టుకున్న ప్రార్థన గుంపు నుంచి వీటిలో ఒక పాయ పుట్టింది. ఒరిషాలను, ఇఫా అనే యొరుబా జోస్యాన్ని వీళ్లు గట్టిగా కాదంటారు. కానీ బిడ్డకు జ్వరం ఎందుకు తగ్గట్లేదు, రాత్రి వచ్చిన కలకు అర్థమేంటి అని జనం ఒకప్పుడు ఇఫా చూసే బబలావోను అడిగిన ప్రశ్నలే ఇప్పుడు సంఘంలోని ప్రవక్తను అడుగుతారు. ఆయన ప్రార్థించి, నీళ్ల సీసా చేతికిస్తాడు.