కోళ్లు మేమే చూసుకుంటాం అన్నారంట

అబ్బీ, అమ్మీ,

సెలవులకు వస్తున్నారని మీ నాయన ఫోన్ చేశాడు. కోళ్లు మీరే చూసుకుంటారంట. సరే, వచ్చాక నా మాట వినే తీరిక మీకుండదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నా.

తాడిపత్రి ఎండ మీకు తెలుసు కదా. కోడి నోరు తెరిచి, రెక్కలు వాల్చి రొప్పుతుంటే ఎండ తగిలిందన్నమాట. నీడన మట్టి మూకుట్లో నీళ్లు పెట్టి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మార్చాలి. మూకుట్లో నాలుగు గులకరాళ్లు వేయండి, లేకపోతే పిల్లలు పడి మునుగుతాయి. పొద్దు గూకగానే అన్నిటినీ లెక్కపెట్టి గంప కింద మూయాలి. ముంగిసలు ఎక్కువయ్యాయి.

వదిలేసిన కోడికి హద్దు తెలియదు. పోయినేడు పక్కింట్లో విత్తనానికి ఒలిచి ఎండబోసిన చెనక్కాయలను మన కోళ్లు సగం ఖాళీ చేశాయి. మూడు వారాలు గుడ్లన్నీ వాళ్లింటికే పోయాయి! మన కోడి, మన బాకీ. ఇప్పుడు వాళ్లు ఎండబోసిన రోజు మన గంపలు ఎత్తను.

కొక్కెర తెగులు వస్తే వీధి మొత్తం కోళ్లు పోతాయి. ఆకుపచ్చగా పారతాయి, మెడ తిప్పుకుంటాయి. వచ్చాక మందు లేదు, ముందే టీకా వేయించాలి. వారం వయసు పిల్లకు కంట్లో ఒక చుక్క, రెండు నెలలకు సూది. టీకా మందును ఐసులో పెట్టి తేవాలి, వేడి తగిలితే పని చేయదు. ఈసారి పశువుల డాక్టరు దగ్గరికి మీరే రండి.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండాయి, రేబిస్ టీకా వేయించా. ఏటా వేయించాలి. ఆటలో పన్ను గీరినా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి నాకు చెప్పండి, ఆసుపత్రికి పోదాం. పసుపు, సున్నం పూస్తే ఊరుకోను.

ఇక సంత. టమాటాల కుప్పను కోడి దిబ్బను కెలికినట్టు కెలకొద్దు. నాకూ బెండకాయ తోక విరిచి చూసే అలవాటుండేది. ఒకసారి నేను విరిచి వదిలేసిన కాయలన్నీ అమ్మేటామె ఒక్కొక్కటే ఏరి, తూకం వేసి నా సంచిలోనే పోసింది. తిట్టలేదు. తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదేమో! మీరు వచ్చాక ‘ఏయ్’ అనకుండా ‘అక్కా’ అని పిలిచి అడగండి, ఆమే మంచివి ఏరి ఇస్తుంది. చిల్లర తీసుకుపోండి.

నల్లపెట్ట పొదుగుకు కూర్చుని ఇవాళ్టికి పదకొండు రోజులు. మీరు దిగేటప్పటికి 21 నిండుతాయి. పెంకు పగులుతుంటే చేత్తో ఒలవొద్దు, వాటంతట అవే వస్తాయి. పిల్లలకు నూకలు అయిపోయాయి, బస్టాండు దగ్గర అంగట్లో కిలో తెండి.

మీ జేజి