ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవులు: అమెరికాలోని కన్సల్టెన్సీల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికాలో స్టాఫింగ్ కంపెనీలు (కన్సల్టెన్సీలు) నడిపే తెలుగువాళ్లకి వీసాల గురించి తెలిసినంతగా, కుటుంబ, వైద్య అవసరాలకి సెలవిచ్చే 1993 నాటి ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ (ఎఫ్‌ఎంఎల్‌ఏ) గురించి తెలియదు. ఈ ఏడాదిగానీ పోయిన ఏడాదిగానీ కనీసం 20 వారాలపాటు 50 మంది ఉద్యోగులుంటే ఆ కంపెనీకి ఈ చట్టం వర్తిస్తుంది. 12 నెలల సర్వీసు, గడిచిన 12 నెలల్లో 1,250 గంటల పని ఉండి, తన వర్క్‌సైట్‌కి 75 మైళ్ల లోపు కంపెనీ ఉద్యోగులు 50 మంది ఉంటే ఆ ఉద్యోగికి ఏడాదిలో 12 వారాల సెలవు దొరుకుతుంది. జీతం ఇవ్వనక్కర్లేదు, ఉద్యోగం మాత్రం కాపాడాలి.

అపోహ: ఉద్యోగి ఎఫ్‌ఎంఎల్‌ఏ అని అడగలేదు కాబట్టి మామూలు సెలవు కిందే లెక్క.

చట్టం పేరు ఎత్తాల్సిన పని ఉద్యోగికి లేదు. "గుంటూరులో నాన్నకి బైపాస్ చేస్తున్నారు, మూడు వారాలు వెళ్లాలి" అని మేనేజర్‌కి చెప్పినా కంపెనీకి తెలిసినట్టే. అక్కణ్ణుంచి 5 పనిదినాల్లో అర్హత ఉందో లేదో, హక్కులూ బాధ్యతలూ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వాలి. దానికి కార్మిక శాఖ ఫారం డబ్ల్యూహెచ్-381 ఉంది. డాక్టర్ సర్టిఫికేషన్ అడిగితే కనీసం 15 రోజుల గడువివ్వాలి. తగిన సమాచారం చేతికొచ్చాక మళ్లీ 5 పనిదినాల్లో, ఈ సెలవు ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద లెక్కేస్తున్నామో లేదో డబ్ల్యూహెచ్-382తో చెప్పాలి.

ఎక్కువగా తేడా వచ్చేది మొదటి మెట్టులోనే. వాట్సాప్ మెసేజ్ ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్‌లోనే ఉండిపోతుంది, మనిషి విమానం ఎక్కాక గానీ హెచ్‌ఆర్‌కి తెలియదు. మేనేజర్లకి చట్టమంతా నేర్పక్కర్లేదు. ఆస్పత్రి, ఆపరేషన్, డెలివరీ అన్న మాట చెవిన పడ్డ రోజే హెచ్‌ఆర్‌కి పంపాలన్న ఒక్క నియమం పెట్టండి, చాలు.

అపోహ: ఇండియా డాక్టర్ సర్టిఫికెట్ చెల్లదు.

చెల్లుతుంది. తల్లిదండ్రులు ఇండియాలో ఉంటే అక్కడి డాక్టర్ ఇచ్చినదాన్ని ఒప్పుకోవాలి. అది ఇంగ్లిష్‌లో లేకపోతే అనువాదం అడగొచ్చు, తెచ్చే బాధ్యత ఉద్యోగిది. అసలు ఇబ్బంది భాషతో కాదు. లెటర్‌హెడ్ మీద "విశ్రాంతి అవసరం" అని ఒక్క ముక్క రాసిస్తారు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లు పట్టొచ్చు, పక్కన మనిషి ఎందుకు ఉండాలి అన్నవి అందులో ఉండవు. అందుకే కుటుంబ సభ్యుల జబ్బుకి డాక్టర్ నింపే డబ్ల్యూహెచ్-380-ఎఫ్ ఫారమే ముందుగా పంపి నింపించుకోవాలి. అసంపూర్తిగా వస్తే తిప్పికొట్టకూడదు. ఏమేం లేవో రాసిచ్చి, సరిదిద్దడానికి 7 రోజులివ్వాలి. డాక్టర్‌తో మాట్లాడాల్సి వస్తే హెచ్‌ఆర్ మాట్లాడాలి, ఉద్యోగి పై అధికారి ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోన్ చేయకూడదు.

అపోహ: అమ్మానాన్నల్లాగే అత్తమామలకీ వర్తిస్తుంది.

ఫెడరల్ చట్టంలో అత్తమామలు లేరు. చిన్నప్పుడు సొంత బిడ్డలా పెంచిన అమ్మమ్మో పెద్దమ్మో ఉంటే మాత్రం ఆమెను తల్లి స్థానంలోనే చూడాలి. మన కుటుంబాల్లో ఇది తరచూ ఉండేదే కాబట్టి "అమ్మమ్మకి కుదరదు" అని వెంటనే కొట్టిపారేయొద్దు. రాష్ట్ర చట్టాలు వేరు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ అత్తమామల్నీ లెక్కలోకి తీసుకుంటాయి. కాలిఫోర్నియాలో ఐదుగురు ఉద్యోగులున్నా చాలు, ఆ రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. కంపెనీ టెక్సాస్‌లో రిజిస్టర్ అయినా, ఉద్యోగి పనిచేసే రాష్ట్రం చట్టం చూసుకోవాలి.

అపోహ: క్లయింట్ దగ్గర పనిచేస్తున్నాడు కాబట్టి బాధ్యత క్లయింట్‌దే.

జీతమిచ్చి, పనికి పంపే కన్సల్టెన్సీయే సాధారణంగా ప్రధాన యజమాని. నోటీసులు, సెలవు, ఇన్సూరెన్స్, తిరిగి ఉద్యోగంలో పెట్టుకోవడం అన్నీ దాని మీదే. క్లయింట్ మీ మనుషుల్నే వాడుకుంటూ ఉండి, సెలవు ముగిశాక మీరు ఆ ఉద్యోగినే మళ్లీ అక్కడికి పంపితే, అతణ్ణి తీసుకోవాల్సిన బాధ్యత క్లయింట్‌కీ ఉంది. "క్లయింట్ వేరేవాళ్లని పెట్టుకున్నాడు" అన్నంత మాత్రాన మీ బాధ్యత తీరిపోదు.

75 మైళ్ల లోపు 50 మంది ఉండాలన్న అర్హత లెక్కలోనూ ఇక్కడే పొరపడతారు. ఇంటినుంచి పనిచేసేవాళ్లకి వర్క్‌సైట్ వాళ్ల ఇల్లు కాదు, వాళ్లు రిపోర్ట్ చేసే ఆఫీసు, లేదా పని అప్పగించే ఆఫీసు. టెక్సాస్‌లోని ఇర్వింగ్ ఆఫీసు నుంచి పనులు అప్పగిస్తుంటే, ఒహాయోలో ఇంట్లో కూర్చుని పనిచేసే కన్సల్టెంట్‌కీ వర్క్‌సైట్ ఇర్వింగే. క్లయింట్ ఆఫీసుకే వెళ్లి కనీసం ఏడాది పనిచేసినవాళ్లకి మాత్రం ఆ చోటే వర్క్‌సైట్ అవుతుంది.

అపోహ: హెచ్-1బి ఉద్యోగికి జీతం లేని సెలవిస్తే ఎల్‌సీఏ (హెచ్-1బి కోసం జీతం మీద కార్మిక శాఖకి కంపెనీ ఇచ్చే హామీ పత్రం) ఉల్లంఘన.

జబ్బు మనిషిని చూసుకోవడానికో కాన్పుకో ఉద్యోగే అడిగి తీసుకున్న సెలవుకు జీతం ఆపొచ్చు. అడిగిన మెయిల్, తేదీలు ఫైల్‌లో ఉంచండి. సెలవు ముగిసి పనికి సిద్ధమన్న రోజు ప్రాజెక్టు లేకపోతే అది బెంచ్. ఆ రోజునుంచి జీతం ఇవ్వాల్సిందే.

అపోహ: సెలవులో ఉన్నప్పుడు ఇన్సూరెన్స్ ఆపేయొచ్చు.

పనిలో ఉన్నప్పటి షరతులతోనే హెల్త్ కవరేజీ కొనసాగాలి. ఉద్యోగి తన వాటా ప్రీమియం 30 రోజులకు మించి కట్టకపోతేనే ఆపే వీలుంది. దానికీ కనీసం 15 రోజుల ముందు ఉత్తరం పంపాలి.

ఈ కాగితాలన్నీ 3 ఏళ్లు దాచాలి. డాక్టర్ సర్టిఫికెట్లు మామూలు పర్సనెల్ ఫైల్‌లో కాకుండా వేరే ఫైల్‌లో, మేనేజర్ల చేతికి అందకుండా పెట్టాలి.