నలుగురి మనసులో నిజంగా ఏముంది?

రియాద్‌లో ఉండే సదీమ్‌కి వలీద్‌తో నిఖా కాగితాల మీద సంతకాలైపోయాయి. మతం లెక్కలో ఇద్దరూ భార్యాభర్తలే. అందరినీ పిలిచి చేసే పెళ్లి విందు మాత్రం ఇంకా జరగలేదు. ఆ మధ్యలో ఒక రాత్రి ఆమె అతనికి పూర్తిగా దగ్గరైంది. ఆ తర్వాత అతని ఫోన్ రాలేదు. చివరికి విడాకుల కాగితాలొచ్చాయి. తను దాటిన గీత ఏదో, అది ఎక్కడుందో ఆమెకు అర్థం కాదు. అడుగుదామంటే తల్లి లేదు. బయటికి చెప్పుకునే విషయమూ కాదు.

ఇది రజా అల్‌సానియా అరబిక్ నవల ‘బనాత్ అల్ రియాద్’లోని కథ. పేరుకు అర్థం రియాద్ అమ్మాయిలు. దంతవైద్యం చదివిన ఈ రచయిత్రి ఇరవైల్లో ఉండగా, 2005లో అది బేరూత్‌లో అచ్చైంది. నవలంతా ఈమెయిళ్లే. పేరు చెప్పని కథకురాలు ఎర్రటి లిప్‌స్టిక్ వేసుకుని కూర్చుని, ప్రతి శుక్రవారం ఒక యాహూ గ్రూపుకి నలుగురు స్నేహితురాళ్ల సంగతులు పంపుతుంది. కిందటి వారం వచ్చిన తిట్లకూ పొగడ్తలకూ జవాబు చెప్పాకే కథలోకి వెళుతుంది. సౌదీలో మొదట నిషేధించారు. అయినా కాపీలు చాటుగా చేతులు మారాయి.

అంత గొడవకు కారణం ప్రేమకథలు కావని నా నమ్మకం. అరబిక్‌లో ప్రేమకథలకు కొదవేముంది? చదివిన అమ్మాయికి ‘ఇది మా ఇంట్లోనే కాదు, పక్కింట్లోనూ ఉందన్నమాట’ అని తెలియడమే అసలు విషయం. ఎవరికి వారు మనసులో ఒకటి అనుకుంటూ, మిగతావాళ్లంతా ఇంకోలా అనుకుంటున్నారని నమ్మడాన్ని మనస్తత్వవేత్తలు ‘ప్లూరలిస్టిక్ ఇగ్నొరెన్స్’ అంటారు. మన ఇళ్లలో ‘నలుగురూ ఏమనుకుంటారు’ అనే భయం చాలాసార్లు ఇదే. ఆ నలుగురూ కూడా మనల్ని చూసి భయపడుతుంటారు.

రువాండాలో ఒక రేడియో నాటకాన్ని ఏడాది పాటు విన్నవాళ్లను మనస్తత్వవేత్త ఎలిజబెత్ లెవీ పలక్ పరిశీలించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. మారింది ఏమిటంటే, తమ సమాజంలో ఏది మామూలు, ఏది తగిన పని అన్న అంచనా. కథ మన మనసును తిప్పేయడం కంటే, ఎదుటివాళ్ల మనసు గురించి మన లెక్కను సరిచేయడంలోనే ఎక్కువ బలం చూపుతుందేమో అనిపిస్తుంది.

ఈజిప్టులో గాదా అబ్దెల్ ఆల్ చేసిందీ అదే. నైలు డెల్టాలోని బట్టల మిల్లుల ఊరు మహల్లా అల్ కుబ్రాలో ఆమె ఫార్మసిస్టు. 2006లో ‘నాకు పెళ్లి చేసుకోవాలనుంది’ అంటూ బ్లాగు మొదలుపెట్టింది. ముందు గదిలో కుర్చీలు సర్ది, వచ్చిన అబ్బాయినీ అతని వాళ్లనూ కూర్చోబెట్టే తంతును అక్కడ ‘సాలోన్ పెళ్లి’, అంటే ముందు గది పెళ్లి అంటారు. మన పెళ్లిచూపులే. ఎందరు వచ్చారో, ఎలా బెడిసికొట్టాయో ఆమె ఇంట్లో మాట్లాడే భాషలోనే రాసింది. అరబిక్‌లో పుస్తకాల భాష వేరు, నోటి భాష వేరు. గిడుగు పోరాటం తెలిసిన మనకు అందులోని తెగింపు అర్థమవుతుంది. 2008లో దార్ అల్ షొరూక్ అనే ప్రచురణ సంస్థ దాన్ని పుస్తకంగా తెచ్చింది, 2010లో నటి హెంద్ సబ్రీతో టీవీ సీరియల్ అయింది. పెళ్లికాని ఆడపిల్ల లోలోపల పడే టెన్షన్ ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే విషయమైంది.

అయితే ఎదుటివాళ్ల మనసు గురించి మన లెక్కను ఇదే తెర తప్పుదారి పట్టించగలదు కూడా. మనస్తత్వ పరిశోధకుడు విలియం బ్రాడీ బృందం అమెరికాలోని వివాదాల మీద వచ్చిన 5 లక్షలకు పైగా ట్వీట్లను పరిశీలించి 2017లో ఒక విషయం చెప్పింది. నీతినీ ఆవేశాన్నీ కలిపి పలికే మాట ఒక్కొక్కటి చేరేకొద్దీ ట్వీట్ వ్యాప్తి దాదాపు 20 శాతం పెరుగుతోంది. అంటే మన ఫోన్‌లో ముందుగా కనిపించేది బాగా కోపం వచ్చినవాళ్ల గొంతు. నెమ్మదిగా ఆలోచించేవాళ్లు కనిపించరు. చూసేవాళ్లకు మాత్రం లోకమంతా అలాగే ఉందనిపిస్తుంది.

తెర లేకపోయినా ఇది జరుగుతుంది. 2014లో ఈజిప్టు రచయిత అహ్మద్ నాజీ నవలలోని ఒక భాగం కైరో సాహిత్య వారపత్రికలో వచ్చింది. చదివితే గుండె దడదడలాడి బీపీ పడిపోయిందని ఒక పాఠకుడు ఫిర్యాదు చేశాడు. 2016 ఫిబ్రవరిలో కోర్టు రచయితకు రెండేళ్ల జైలు వేసింది. ఆరోపణ, ప్రజల సభ్యతకు భంగం. ఆ పత్రికను చదివి, పేజీ తిప్పి తమ పనిలో పడిన ‘ప్రజలను’ ఎవరూ అడగలేదు. ఆ డిసెంబరులో విడుదలయ్యేదాకా ఒక రచయిత నెలల తరబడి జైల్లో గడిపాడు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మరి ఆ ప్రజలను నిజంగా అడిగితే? రియాద్‌లోనే ఆర్థికవేత్త లియొనార్డో బర్స్‌టిన్, మరో ఇద్దరు కలిసి ఆ పని చేసి 2020లో ప్రచురించారు. 18 నుంచి 35 ఏళ్ల వయసున్న సుమారు 500 మంది పెళ్లైన మగవాళ్లు. ఒకే ప్రాంతం వాళ్లను దాదాపు 30 మంది చొప్పున ఒక గదిలో కూర్చోబెట్టారు. ఆడవాళ్లు బయట ఉద్యోగం చేయొచ్చా అని ఎవరికి వారిని రహస్యంగా అడిగితే 87 శాతం చేయొచ్చన్నారు. ఈ గదిలో ఎంతమంది ఒప్పుకుని ఉంటారని అడిగితే సగటున 63 శాతమే అన్నారు. సగం మందికి అసలు అంకె చెప్పారు. తర్వాత భార్య పేరును ఉద్యోగాల యాప్‌లో నమోదు చేయించుకుంటారా అని అందరినీ అడిగారు. అంకె తెలియనివాళ్లలో 23 శాతం, తెలిసినవాళ్లలో 32 శాతం ముందుకొచ్చారు. కొన్ని నెలల తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటే, అంకె తెలిసినవాళ్ల భార్యలే ఎక్కువమంది ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకుని, ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చారు.