రాతిగోడలో రెండు కన్నాలు

2021 అక్టోబరులో ఈజిప్టులోని గీజా పిరమిడ్ల దగ్గర సమకాలీన కళా ప్రదర్శన జరిగింది. ఫ్రెంచి కళాకారుడు జేఆర్ పిరమిడ్ కొస తెగి గాలిలో తేలుతున్నట్టు భ్రమ కల్పించాడు. ఈజిప్టు స్ఫూర్తితో చైతన్యం మీద కళ అనగానే ఇప్పటికీ చాలామంది ఆ త్రికోణాన్నే పట్టుకుంటారు. ఈజిప్టువాళ్లు ఎరుక గురించి ఆలోచించింది మాత్రం లోపలి గదుల్లో.

సక్కారాలో జోసెర్ రాజు మెట్ల పిరమిడ్‌కు ఉత్తరాన సర్దాబ్ అనే చిన్న రాతిగది ఉంది. క్రీ.పూ. 2650 ప్రాంతానిది. తలుపు లేదు. ముందుగోడకు రెండు గుండ్రటి కన్నాలు, వాటి వెనక చీకట్లో కూర్చున్న రాజు, 142 సెంటీమీటర్ల సున్నపురాయి విగ్రహం. గది కాస్త వెనక్కి వాలి ఉంటుంది, చూపు ఉత్తరాకాశంలో అస్తమించని చుక్కల మీద పడేలా. అసలు విగ్రహం కైరో మ్యూజియంలో ఉంది, గదిలో ఉన్నది నకలు. ఆ కన్నాలు మనం తొంగిచూడ్డానికి పెట్టినవి కావు, ఆయన బయటికి చూడ్డానికి. ఈ గదిని అనుకరించేవాళ్లు లోపల దీపం పెడితే పని చెడిపోతుంది: విగ్రహం ప్రదర్శన వస్తువైపోతుంది. లోపల చీకటిగా ఉంటేనే, మనల్ని ఎవరో చూస్తున్నారన్న స్పృహ కలుగుతుంది.

ఇంకో పొరపాటు, చైతన్యానికి గుర్తుగా తలలో వెలుగు గీయడం. మమ్మీ చేసేటప్పుడు మెదడును ముక్కులోంచి లాగి పారేసేవాళ్లు, గుండెను మాత్రం శరీరంలోనే ఉంచేవాళ్లు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, షబాకా రాజు చెక్కించిన శిలాఫలకం ప్రకారం కన్ను, చెవి, ముక్కు తెచ్చిన కబురంతా గుండెకే చేరుతుంది. అది తలచినదాన్ని నాలుక పలుకుతుంది. మనసు అంటూ గుండెమీద చెయ్యి వేసుకునే మనకు ఇది కొత్తగా అనిపించదు. తర్వాతి కాలంలో ఆ రాయి వేరే పనికి వాడారు. నడుమ తొలిచిన కన్నం, చుట్టూ గాడులు పడి చాలా వాక్యాలు పోయాయి.

నిద్రా మెలకువల మీద బొమ్మ వేసేవాళ్లు ఈజిప్టు రాజుల లోయలో మూడో థట్మోస్ రాజు సమాధి గోడలు చూడాలి. పాపిరస్ (రెల్లు కాగితం) చుట్ట విప్పి అతికించినట్టు, పుల్లల్లాంటి సన్నటి బొమ్మలతో, సూర్యుడి రాత్రి ప్రయాణం పన్నెండు గంటలుగా ఉంటుంది. ఆరో గంటలో, నడిరాత్రి, సూర్యుడి ఆత్మ తన దేహాన్ని కలుసుకుంటుంది. పన్నెండో గంటలో దేవతలు సూర్యుడి పడవను ఒక పెద్ద పాము కడుపులోంచి లాగుతారు. తోకవైపు ముసలివాళ్లుగా లోపలికి వెళ్లి, నోట్లోంచి పసివాళ్లుగా బయటికొస్తారు.