నలభై ఐదుకే ఉద్యోగం మానేశాక ఏం చేస్తారు? కలల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో రిటైర్మెంట్ ప్రణాళికలు వేసిచ్చే పని నాది. ఈ మధ్య నా దగ్గరికి వచ్చేవాళ్లలో అరవై దగ్గర పడినవాళ్లకన్నా నలభైల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. బెంగళూరులోనో చెన్నైలోనో పదిహేను, ఇరవై ఏళ్లు ఐటీలో పనిచేసి, పిల్లల చదువులు ఒక కొలిక్కి రాగానే తిరుపతికో చిత్తూరు పక్కన సొంత ఊరికో వచ్చేయాలనుకునేవాళ్లు. వాళ్ల డబ్బు లెక్క పక్కాగా ఉంటుంది. ఏ ఫండ్‌లో ఎంత ఉందో, ఏ లోన్ ఎప్పుడు తీరుతుందో అన్నీ షీటులో కనిపిస్తాయి. మానేశాక ఏం చేస్తారని అడిగితే మాత్రం జవాబు ఒక్కో మాటలో వస్తుంది: తోట, గుడి, ప్రయాణాలు, పుస్తకాలు. ఆ ఒక్క మాట వెనక ఎంత ఖర్చుందో, ఎంత ఓపిక కావాలో, ఇంట్లో ఎవరు ఒప్పుకోవాలో రాసుకున్నవాళ్లు అరుదు. డబ్బుండీ కుదురుకోలేకపోయినవాళ్లను చూశాను కాబట్టి, తరచూ వినే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: ముందు డబ్బు కూడబెడదాం, కలల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: ఎంత కూడబెట్టాలో తేల్చేది ఆ కలలే. చాలామంది "ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే చాలంట కదా సార్" అంటారు. ఆ లెక్కకు మూలం విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు 1994లో చేసిన పరిశీలన. కూడబెట్టిన నిధిలోంచి మొదటి ఏడాది 4 శాతం, అంటే 25లో ఒక వంతు తీసి, తర్వాత ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచుకుంటూ పోతే 30 ఏళ్ల దాకా డబ్బు నిలుస్తుందని ఆయన చూపించారు. అది అమెరికా షేర్లు, అమెరికా బాండ్ల లెక్క. నలభై ఐదుకు మానేసినవాళ్లకు నలభై ఏళ్లు గడవాలి. పైగా ధరలు మన దగ్గర పెరిగే తీరు వేరు. ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. ఇవాళ నెలకు 50 వేలతో గడిచే ఇల్లు మీకు డెబ్బై వచ్చేసరికి 2 లక్షలు అడుగుతుంది. అందుకే నేను 35 రెట్లకు తక్కువ ఉంటే మానేయమని చెప్పను.

ఇప్పుడు కలను ఈ లెక్కలోకి తెద్దాం. ఏడాదికి 2 లక్షలు పెట్టి ప్రయాణాలు చేయాలని ఉందనుకోండి. జీవితాంతం అనుకుంటే నిధిలో 70 లక్షలు అదనంగా ఉండాలి. మోకాళ్లు బాగున్న పదేళ్లే తిరుగుతాం, తర్వాత ఇంటిపట్టున ఉంటాం అనుకుంటే 20 లక్షల పైచిలుకుతో సరిపోతుంది. తేడా దాదాపు 50 లక్షలు. కొందరికి అది మరో నాలుగైదేళ్ల ఉద్యోగం. "ప్రయాణాలు" అన్న మాటను విడమరిచి రాసుకోకపోతే, అవసరం లేని ఏళ్లు ఆఫీసులో గడిపేస్తారు, లేదా డబ్బు చాలకముందే బయటికి వచ్చేస్తారు.

అపోహ: ఊళ్లో నాలుగెకరాల మామిడి తోట కొంటే ప్రశాంతంగా బతకొచ్చు, తోటే మనల్ని పోషిస్తుంది.

వాస్తవం: నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. మన జిల్లాల్లో ఇదే అందరికన్నా పెద్ద కల. ఆ ఇష్టాన్ని నేను గౌరవిస్తాను, చెట్టు పెంచాలనుకోవడం మంచి కోరిక. కానీ తోట ఒక వ్యాపారం, దానికో కాలం, ఒక మార్కెట్ ఉన్నాయి.

కాలం సంగతి ముందు. మొక్క నాటితే కాపు మొదలవడానికి నాలుగైదేళ్లు, నిండుగా కాయడానికి పదేళ్ల దాకా పడుతుంది. 46కి నాటితే మంచి కాపు చూసేది 56కి. కాస్తున్న తోటే కొంటే ఆ ఖరీదు మీ నిధిలో పెద్ద ముక్కను తినేస్తుంది. ఇక నీళ్లు. చిత్తూరు పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు వేసినా పడని బోర్లు ఎన్నో ఉన్నాయి. ఒక బోరు పోతే ఇంకోటి వేయాలన్న ఆరాటంలో నిధి కరిగిపోతుంది.

ఇక మార్కెట్. మన దగ్గర ఎక్కువగా ఉన్నది తోతాపురి. అది తినేవాళ్లకన్నా గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. అంటే కొనేవాళ్లు కొద్దిమంది, అమ్మేవాళ్లు వేలమంది. 2025 సీజన్‌లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు దక్కేలా ఏర్పాటు చేయాల్సి వచ్చింది. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. తరాలుగా మామిడి చేస్తున్న రైతే ఆ ఏడాది తట్టుకోలేకపోయాడు. ఆ ఆదాయం మీద ఇంటి ఖర్చు పెట్టుకుంటే మొదటి సీజన్‌కే టెన్షన్ మొదలవుతుంది.

భూమి కాగితాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సెలవుల్లో వచ్చి ఆదివారం చూసి సోమవారం అడ్వాన్స్ ఇచ్చేవాళ్లు ఉన్నారు. తక్కువ ధరకు వస్తోందంటే అది డీకేటీ పట్టా కావచ్చు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఆ భూములను అమ్మకూడదని 1977 చట్టం చెప్పింది. 2023 సవరణతో పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటిన అసలు పట్టాదారులకు హక్కులు ఇచ్చినా, మీరు చూస్తున్న సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తేల్చుకోండి. ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం), అడంగల్ (సాగు రికార్డు), 1బి (యజమాని వివరాల రికార్డు) మూడూ చూడండి. అమ్మేవాళ్ల అక్కాచెల్లెళ్ల సంతకాల గురించి కూడా అడగండి. ఊళ్లో మొహమాటం కొద్దీ ఆ ప్రశ్న అడగరు, తర్వాత కోర్టులో అదే వస్తుంది.

నా సలహా ఒకటే. కొనకముందు ఒక తోటను గుత్తకు తీసుకోండి. ఉద్యోగంలో ఉండగానే, శని ఆదివారాలు వచ్చిపోతూ ఒక పంట చూడండి. పూత నిలిచేదాకా నిద్ర పట్టదు. తేనెమంచు పురుగుకు మందు కొట్టించాలి. కూలీలు చెప్పిన రోజుకు రారు. పూత మీదే వ్యాపారికి ఇచ్చేయాలా, కాయ దాకా ఆగాలా అని తేల్చుకోవాలి. ఆ ఏడాది గడిచాక కూడా తోట కావాలనిపిస్తే కొనండి. అప్పుడు కూడా తోటను ఖర్చు పద్దులో రాయండి, ఆదాయం పద్దులో రాయొద్దు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరు ఒక పంట చూశాక, ఇంటి వెనక పది సెంట్లలో కూరగాయలు, నాలుగు మామిడి చెట్లు చాలనుకున్నారు. వాళ్ల కల చిన్నదైందని నేననుకోను. వాళ్లకు కావలసింది చెట్ల నీడలో పొద్దున గడపడం. దానికి నాలుగెకరాలు అక్కర్లేదు.

అపోహ: స్వామివారి సేవలో గడిపేస్తాం, ఇంకేం కావాలి?

వాస్తవం: తిరుపతిలో ఉండి ఈ కోరికను కాదనడానికి నోరు రాదు. కాదనను కూడా. దీనికి వయసుతో ముడి ఉందని మాత్రం చెబుతాను. టీటీడీ శ్రీవారి సేవకు పై వయసు పరిమితి ఉంది, ఆరోగ్యంగా ఉండాలన్న నిబంధన ఉంది. క్యూ కాంప్లెక్సుల్లో, అన్నప్రసాదం దగ్గర గంటలకొద్దీ నిలబడి చేసే పని అది. "రిటైరయ్యాక చేద్దాం" అని అరవై దాటేదాకా ఆగితే దారి మూసుకుపోవచ్చు. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు 2,388. నలభైల్లో నెలనెలా ఎక్కగలిగిన మనిషి డెబ్బైలో ఎక్కగలడన్న నమ్మకం లేదు. ముందస్తు రిటైర్మెంట్‌కు నాకు కనిపించే బలమైన కారణం ఇదే: శరీరంతో చేయాల్సినవి శరీరం సహకరించేటప్పుడే చేసుకోవచ్చు.

ఇంకో సంగతి. సేవ ఏడాదిలో కొన్ని రోజులే దొరుకుతుంది. మిగతా రోజులు ఎలా గడుస్తాయో విడిగా రాసుకోవాలి. మామూలు మంగళవారం పొద్దున పదకొండుకు మీరెక్కడుంటారు, ఎవరితో ఉంటారు? ఇది నేను అందరినీ అడుగుతాను. చాలాసేపు ఆలోచిస్తారు.

అపోహ: టైం దొరికితే ఏదైనా నేర్చుకోవచ్చు.

వాస్తవం: టైం ఒక్కటే చాలదు, నెమ్మదిగా సాగే పనికి మనసు అలవాటు పడాలి. మన పక్కనే శ్రీకాళహస్తి కలంకారీ ఉంది, 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కళ. బట్టను కరక్కాయ, బర్రెపాలలో తడిపి ఆరబెట్టాలి. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరితే నల్లరంగు వస్తుంది. వెదురు కలానికి గుడ్డ చుట్టి, చెయ్యి వణక్కుండా గీత గీయాలి. పటిక పెట్టాలి, ఉడకబెట్టాలి, ఉతకాలి, ఆరబెట్టాలి, మళ్లీ రంగు వేయాలి. రెండు వారాలకొకసారి ఆఫీసులో పని పూర్తిచేసి చూపించే అలవాటున్న మనిషికి మొదటి నెల ఇది కష్టంగానే ఉంటుంది. సంగీతమైనా సంస్కృతమైనా అంతే. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు దాటడానికే నెలలు పడుతుంది. ఉద్యోగంలో ఉండగానే వారానికి రెండు గంటలు మొదలుపెట్టండి. ఆ రెండు గంటలకే కుదరలేదంటే, రోజంతా ఖాళీ దొరికినా కుదరదని అనుభవంతో చెబుతున్నాను. ఊరు మాత్రం మీకు బాగా కలిసొస్తుంది. ఎస్వీ యూనివర్సిటీ, సంస్కృత విశ్వవిద్యాలయం, ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్న ఊళ్లో గురువు దొరకడం కష్టం కాదు.

అపోహ: నా కలే మా ఇంట్లో అందరి కల.

వాస్తవం: భార్యాభర్తలిద్దరినీ వేరువేరు కాగితాల మీద రాయమంటాను. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటిగా ఉండడం చాలా తక్కువ. ఒకమ్మ చెప్పిన మాట ఇది: "ఆయన ఊరికి పోదామంటారు సార్. నాకేమో ఇప్పుడే పిల్లలు చేతికొచ్చి కొంచెం ఊపిరాడతా ఉంది. మళ్లా పేడ, పొయ్యి, వచ్చేపోయే చుట్టాలు, అంతా నేనే చూడాల్నా?" భర్త అప్పటిదాకా ఆ మాట వినలేదు. ఊరి ప్రశాంతత ఆయనది, ఊరి చాకిరీ ఆమెది. ఆ ఇద్దరూ చివరికి తిరుపతిలోనే ఉండి, ఆయన మాత్రం వారంలో రెండు రోజులు ఊరికి వెళ్లొచ్చేలా సర్దుకున్నారు.

భార్య ప్రభుత్వ టీచరైతే మరో లెక్క ఉంటుంది. రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 2022 నుంచి 62. మీరు 46కి మానేస్తే, మీ వయసే ఉన్న ఆమె మరో పదహారేళ్లు బడికి వెళుతుంది. మీ ప్రయాణాలన్నీ వేసవి సెలవుల్లోనే పడతాయి. ఇంటి వంట, మామగారి మందులు ఎవరి పని అవుతాయో ముందే మాట్లాడుకోండి. ఖాళీగా ఉన్న మగమనిషి పొద్దున ఇంటి పని చేయడం ఇంకా చాలా ఇళ్లలో మాటపట్టింపు వ్యవహారమే. అది మారాలి.

అపోహ: పీఎఫ్ పెన్షన్ వస్తుంది కదా.

వాస్తవం: వస్తుంది, కానీ 58కి. కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. 50 నుంచి తీసుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు ముందైతే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. అసలు జీతం ఎంతున్నా చాలామందికి నెలకు 15,000 జీతం పరిమితి మీదే పెన్షన్ లెక్క కాబట్టి, 20 ఏళ్ల సర్వీసుకు నెలకు ఐదు వేల లోపే. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీం కూడా మామూలుగా అరవైకే. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నవాళ్లకు 55 నుంచి వీలుంది. నలభై ఐదుకు మానేసినవాళ్లు ఈ రెండిటినీ లెక్కలోంచి తీసేసి చూసుకోవాలి.

అపోహ: ఆఫీసు ఇన్సూరెన్స్ పోయినా తిరుపతి స్విమ్స్, రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రులు దగ్గరే కదా.

వాస్తవం: మంచి ఆసుపత్రి దగ్గరుండడం అదృష్టం, బిల్లు మాత్రం మీదే. ఉద్యోగంలో ఉండగానే సొంత పాలసీ తీసుకోండి. ముందునుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్లు ఆగాల్సి ఉంటుంది. ఆ గడువు జీతం వస్తుండగానే గడిచిపోవాలి.

అపోహ: మనకు నచ్చినట్టు బతుకుతున్నాం, నలుగురూ ఏమనుకుంటే మనకేం?

వాస్తవం: హైదరాబాద్ అపార్టుమెంటులో ఈ మాట చెల్లుతుందేమో. ఇక్కడ పెళ్లిలో, పాలంగడి దగ్గర, గోవిందరాజస్వామి గుడి ముందు "ఏమన్నా, ఉద్యోగం పోయిందంటనే?" అని అడుగుతారు. కూతురి సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయి నాన్న ఏం చేస్తారు, అమ్మాయి నాన్న ఏం చేస్తారు" అన్నదే మొదటి ప్రశ్న. ఇరవై ఏళ్లు కంపెనీ పేరుతో పరిచయమైన మనిషికి ఆ పేరు లేకుండా నిలబడడం నిజంగా బాధగా ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. ఏదో ఒక పని పేరు ఉండడం మంచిది. డిగ్రీ కాలేజీలో వారానికి రెండు క్లాసులు, పల్లె బడిలో లెక్కలు చెప్పడం, పాత కంపెనీకే కొన్ని గంటల సలహా. ఇందులో డబ్బు వచ్చినా తప్పు లేదు. సంపాదిస్తే రిటైర్మెంట్ చెడిపోతుందని కొందరు అనుకుంటారు. నెలకు 20 వేలు వచ్చినా మొదటి పదేళ్లు నిధి మీద భారం చాలా తగ్గుతుంది, మనుషులతో సంబంధం కూడా నిలుస్తుంది.

చివరగా, మానేసిన మొదటి పన్నెండు నెలలకు నేను పెట్టే షరతు ఒకటుంది. భూమి కొనొద్దు, ఇల్లు కట్టొద్దు, బావమరిదితో కలిసి వ్యాపారం మొదలుపెట్టొద్దు. గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు చేతికొచ్చిందని తెలియగానే అడిగేవాళ్లు వస్తారు. "ఏడాది దాకా డిపాజిట్‌లో వేసేశాను" అన్న జవాబు అందరికీ ఒకటే చెప్పండి, నిజంగానే వేసేయండి. ఆ ఏడాదిలో రెండు కాగితాల మీద రాసుకున్న కలల్లో ఏవి నిజంగా చేశారో, దేనికి ఎంత ఖర్చయిందో నెలనెలా పక్కన రాస్తూ పోండి. పన్నెండో నెలలో ఆ కాగితాలు పట్టుకుని ఇద్దరూ కలిసి రండి, పెద్ద కొనుగోళ్ల సంగతి అప్పుడు మాట్లాడదాం.