మలికుష్షుఅరా బహార్: అపోహలు - వాస్తవాలు

పారసీ పాఠం చెప్పేటప్పుడు హాఫిజ్, రూమీ పేర్లెత్తితే క్లాసంతా హుషారవుతుంది. ఇరాన్ కవి మహమ్మద్ తఖీ బహార్ (1886-1951) పేరు చాలామంది విననే లేదు. విన్నవాళ్ల దగ్గర కూడా కొన్ని తప్పుడు అభిప్రాయాలు పాతుకుపోయి ఉంటాయి.

అపోహ: బిరుదు 'మలికుష్షుఅరా' (కవిరాజు) కదా, రాజుగారిని పొగుడుతూ బతికిన కవి.

మష్హద్‌లో ఇమామ్ రెజా దర్గాకు ఆస్థాన కవి ఆయన తండ్రి సబూరీ. తండ్రి పోయాక ఆ బిరుదు కొడుక్కి వచ్చింది. ఆ కొడుకు మాత్రం రాజు అధికారానికి హద్దులు పెట్టాలన్న 1906 రాజ్యాంగ ఉద్యమం పక్షాన నిలిచారు, 'నౌబహార్' పత్రిక పెట్టారు, ఇరాన్ పార్లమెంటు అయిన మజ్లిస్‌కు ఎన్నికయ్యారు. 1925లో ఆయన్ని చంపాలని వచ్చినవాళ్లు మజ్లిస్ బయట పొరబడి మరో పాత్రికేయుణ్ణి చంపేశారు. రాజు రెజా షా కాలంలో జైలుకెళ్లారు, ఇస్ఫహాన్‌లో ప్రవాసం గడిపారు. పొగడ్తలతో బతికినవాళ్లకు ఇన్ని కష్టాలు రావు.

అపోహ: పాత ఛందస్సులో రాశారు కాబట్టి ఆధునిక కవి కారు.

నాకు బాగా బాధ కలిగించే మాట ఇది. 1922లో దమావంద్ పర్వతం మీద రాసిన ఖసీదా (ఒకే అంత్యప్రాసతో సాగే దీర్ఘ పద్యం) చూడండి. తెల్లని రాక్షసుడు, కాళ్లకు సంకెళ్లు, నెత్తిన వెండి శిరస్త్రాణం. ఆ కొండని భూమి బిగించిన పిడికిలి అని పిలిచి, ఆకాశాన్ని నాలుగు దెబ్బలు కొట్టమంటారు. వెంటనే 'కాదు కాదు, నేనన్న మాట నాకే నచ్చలేదు' అంటూ దిద్దుకుంటారు: నువ్వు నొప్పితో వాచిపోయిన నేల గుండెవి, ఆ వాపు తగ్గాలని నీ మీద కర్పూరం పట్టు వేశారు. ఆ కర్పూరం శిఖరం మీది మంచు! చివరికి, లోపలి నిప్పు దాచుకోకు, బద్దలవు అంటారు. దేశమంతా ఉడికిపోతున్న రోజుల్లో ఈ మాట ఎవరిని ఉద్దేశించిందో చదివినవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

అపోహ: ఆయన పాండిత్యం కాలక్షేపం.

పట్టుబట్టి ఇస్లాంకు ముందరి పారసీ అయిన పహ్లవీ భాష నేర్చుకున్నారు. 'తారీఖే సీస్తాన్' అనే పాత చరిత్ర గ్రంథాన్ని పరిష్కరించి ప్రచురించారు. టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. పారసీ వచనం శతాబ్దాల పొడవునా ఎలా మారిందో మూడు సంపుటాల 'సబ్క్‌షెనాసీ'లో చూపించారు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో ఏకీభవించలేను. మన దేశంలో వికసించిన పారసీ కవితాశైలి 'సబ్కే హిందీ' కొత్తదే అయినా బలహీనమైనదని ఆయన తీర్పు. ఆ శైలిలో రాసిన మన కవి బీదిల్‌ని ఇష్టపడేవాళ్లెవరికీ అది రుచించదు. అందుకే విద్యార్థులతో ముందు బహార్ వాదన చదివిస్తాను, ఆ వెంటనే బీదిల్ గజల్ ఒకటి చేతికిస్తాను.