పాత లారీ సెల్ఫ్ మోటార్: అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీల ఎలక్ట్రికల్ పని మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. తెల్లవారుజామున నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "మేస్త్రి గారూ, సెల్ఫ్ పట్టేసింది." సెల్ఫ్ అంటే ఇంజనును స్టార్ట్ చేసే కరెంటు మోటారు, పట్టేయడమంటే అది తిరగకుండా బిగుసుకుపోవడం. వెళ్లి చూస్తే నిజంగా పట్టేసిన సెల్ఫ్ కొన్నిసార్లే కనిపిస్తుంది. మిగిలినప్పుడు దోషం బ్యాటరీ కొసల దగ్గరో, ఎర్త్ కేబుల్లోనో (బ్యాటరీ మైనస్‌ను ఛాసిస్‌కు కలిపే తీగ), సొలినాయిడ్‌లోనో (తాళం తిప్పగానే మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చి), అరుదుగా ఇంజనులోనో ఉంటుంది. అప్పటికే ఎవరో మోటారును సుత్తితో కొట్టి ఉంటారు, లేదా బాగున్న మోటారును విప్పి పక్కన పెట్టి ఉంటారు. పాత లారీ మీద బతికే యజమానికి ప్రతి అనవసరపు ఖర్చూ భారమే. అందుకే ఈ పని చుట్టూ పేరుకున్న నమ్మకాల గురించి రాస్తున్నాను. నేను చెప్పేది ఫీల్డ్ కాయిల్ (లోపల అయస్కాంతాలకు బదులు తీగ చుట్లు) ఉన్న పాతరకం సెల్ఫ్ గురించి, మామూలు డీజిల్ పంపుతో నడిచే లారీల గురించి.

అపోహ: తాళం తిప్పితే టక్కుమని ఆగిపోయిందంటే సెల్ఫ్ పోయినట్టే

ముందు చప్పుడు వినండి. టకటకటకమని ఆగకుండా కొట్టుకుంటుంటే బ్యాటరీలో బలం లేదని అర్థం. సొలినాయిడ్ లోపల పిస్టన్‌ను లాగే కాయిల్ ఒకటి, లాగిన దాన్ని పట్టి ఉంచే కాయిల్ ఒకటి ఉంటాయి. మోటారుకు కరెంటు అందిన మరుక్షణం బ్యాటరీ వోల్టేజి కుప్పకూలితే పట్టి ఉంచే కాయిల్ వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి కోలుకుంటుంది, మళ్లీ లాగుతుంది. ఆ చప్పుడు అదే. ఒక్కసారే టక్కుమంటే సొలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయి ఉండవచ్చు, కార్బన్లు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు) అరిగి ఉండవచ్చు, లేదా మోటారు నిజంగానే పట్టేసి ఉండవచ్చు. ఏ చప్పుడూ లేకపోతే తాళం స్విచ్చి, రిలే, సొలినాయిడ్‌కు వచ్చే సన్న వైరు చూడాలి. మోటారు గిర్రున తిరుగుతూ ఇంజను కదలకపోతే బెండిక్స్ క్లచ్ జారుతోంది. మోటారు చివరనున్న పినియన్ అనే చిన్న పళ్లచక్రాన్ని ఇంజను ఫ్లైవీల్ అంచునున్న పళ్ల రింగుకు జోడించే భాగమే బెండిక్స్.

టక్కుమన్నప్పుడు హెడ్‌లైట్లు వేసి ఇంకోసారి తాళం తిప్పి చూడండి. లైట్లు దాదాపు ఆరిపోతే కరెంటు భారీగా లాగుతోంది, అంటే మోటారో ఇంజనో బిగిసింది లేదా బ్యాటరీ బలహీనపడింది. లైట్లు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు మోటారులో ప్రవహించడమే లేదు. అప్పుడు కాంటాక్టులనో కార్బన్లనో అనుమానించాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష నాకు సగం దారి చూపిస్తుంది.

అపోహ: కొత్త బ్యాటరీ వేశాం కాబట్టి కరెంటు సమస్య కాదు

ఈ మాట నమ్మి నేనే ఒకసారి మంచి మోటారును దించాను, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. భీమవరం వైపు నుంచి చేపల లోడు తోలే లారీ అది. బ్యాటరీలు రెండూ కొత్తవి. మోటారు విప్పి బెంచి మీద పెడితే చక్కగా తిరిగింది. తిరిగి బిగిస్తే ఇంజనును తిప్పలేక మళ్లీ అదే మూలుగు. చివరికి చూస్తే, మంచు కరిగిన నీళ్లు ఏళ్ల తరబడి కారి, ఛాసిస్ మీద ఎర్త్ కేబుల్ బిగించిన చోట తుప్పు పొరలు కట్టింది. పైకి నట్టు గట్టిగానే ఉంది.

లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 400 ఆంపియర్లు ప్రవహిస్తున్నాయనుకుందాం. ఒక కీలులో, అంటే కేబుల్ బిగించిన జాయింటులో, 0.005 ఓం నిరోధం ఉంటే చాలు, 2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అంత తక్కువ నిరోధాన్ని మామూలు మీటరుతో ఓంలలో కొలవలేం. అందుకే సెల్ఫ్ కొడుతున్నప్పుడే వోల్టేజి చూడాలి. మీటరు ఒక కొసను బ్యాటరీ ప్లస్ కొమ్ము మీద, క్లాంపు మీద కాదు, కొమ్ము మీదే ఆనించండి. రెండో కొసను సెల్ఫ్ మీది లావు బోల్టుకు ఆనించండి. 12 వోల్టుల బండిలో అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో కీలు చెడింది. అలాగే మోటారు బాడీ నుంచి మైనస్ కొమ్ముకు కొలవండి. అక్కడ ఇంకా తక్కువ ఉండాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న పట్టీ తెగితే, సెల్ఫ్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. ఆ కేబుల్ వేడెక్కితే చూడాల్సింది ఎర్త్ పట్టీనే.

పూర్తిగా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ నిలకడగా 12.6 చూపాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. 24 వోల్టుల లారీలో రెండు బ్యాటరీలనూ కలిపి కాక విడివిడిగా కొలవండి. ఒకటి చచ్చి రెండోది బాగున్న జతలు నేను చాలా చూశాను.

అపోహ: సుత్తితో కొడితే కదులుతుంది, కాబట్టి మందు అదే

కదలడం నిజమే. అరిగిన కార్బన్ తన గూటిలో ఇరుక్కుని కమ్యుటేటర్‌ను (తిరిగే భాగం మీది రాగి పట్టీలను) తాకకుండా నిలిచిపోతే, దెబ్బకు అది జారి ఆనుకుంటుంది. అంటే ఆ దెబ్బ కార్బన్లు మార్చమని చెబుతోంది. దారిలో ఇల్లు చేరడానికి ఒక్కసారి, చెక్క పిడితో మెల్లగా తట్టవచ్చు. కార్బన్ కొత్తదాని పొడవులో సగానికి వస్తే మార్చేయండి. ఇప్పటి చిన్న బండ్లలో వచ్చే అయస్కాంతం రకం మోటార్లను మాత్రం తట్టకండి, లోపలి అయస్కాంతాలు పగులుతాయి.

అపోహ: తిరగడం లేదంటే పట్టింది మోటారే

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచెత్తిన తరువాత నా దగ్గరకు వచ్చిన బండ్లను చూసి ఈ విషయం ఇంకా గట్టిగా చెప్పాలనిపించింది. నీళ్లలో నిలిచిన ఇంజను సిలిండర్లలోకి నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేకపోతుంది, ఎందుకంటే నీళ్లు అణగవు. సెల్ఫ్ ఒక్కసారి టక్కుమని ఆగిపోతుంది. బలమైన బ్యాటరీ తెచ్చి మళ్లీ మళ్లీ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. హెడ్ గ్యాస్కెట్ కారినా, ఇంజెక్టర్ నుంచి డీజిల్ కారి సిలిండర్ నిండినా ఇదే జరుగుతుంది.

కాబట్టి మోటారు మీద పానా పెట్టకముందే ఇంజనును చేత్తో తిప్పి చూడాలి. గేరు న్యూట్రల్‌లో, ఇంజను ఆపే నాబ్ లాగి, బ్యాటరీ ఎర్త్ తీసేసి, ముందున్న క్రాంకు పుల్లీ నట్టును పొడవాటి పానాతో తిప్పండి. నిండు రెండు చుట్లు తిరిగితే ఇంజను బాగుంది. ఒకచోట గోడకు తగిలినట్టు ఆగితే బలవంతం చేయకుండా ఇంజెక్టర్లు విప్పి నీళ్లు బయటికి పోనివ్వండి. కొద్దిగా వెనక్కి తిప్పగానే ఠక్కుమని వదులైతే, బెండిక్స్ దంతాలు ఫ్లైవీల్ రింగులో ఇరుక్కున్నాయన్న మాట. పుల్లీకి పానా అందని బండిలో తాళం తీసేసి, టాప్ గేరు వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపినా ఆ బిగువు వదులుతుంది.

వదిలింది కదా అని మరచిపోకండి. ఇంజను ఆగిన ప్రతిసారీ దాదాపు అవే చోట్ల నిలుస్తుంది, నాలుగు సిలిండర్లదైతే రెండు చోట్ల, ఆరు సిలిండర్లదైతే మూడు చోట్ల. రింగు దంతాలు అక్కడే అరుగుతాయి. గేర్‌బాక్సు దించినప్పుడు రింగును వేడి చేసి తీసి, కొంచెం తిప్పి బిగిస్తే అరగని దంతాలు ఆ చోటికి వస్తాయి.

అపోహ: గ్రీజు ఎంత పెడితే అంత మంచిది

ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద తోలే లారీల సెల్ఫ్‌లు విప్పితే బెండిక్స్ జారే మరల మీద గ్రీజు, బూడిద, క్లచ్ పొడి కలిసి సిమెంటులా గట్టిపడి కనిపిస్తాయి. పినియన్ ముందుకు వెళ్లదు, వెళ్తే వెనక్కి రాదు. ఆ మరలను శుభ్రంగా తుడిచి, పలుచని నూనె చేయి రాస్తే చాలు. బెండిక్స్‌ను మొత్తంగా కిరోసిన్‌లో ముంచి కడగడం ఇంకా పెద్ద తప్పు. దాని లోపలి క్లచ్‌లో కంపెనీ పెట్టి మూసిన గ్రీజు కరిగిపోతుంది, కొన్ని వారాలకే జారడం మొదలవుతుంది. గుడ్డతో తుడవండి. నూనె పీల్చుకునే రకం కొత్త కంచు బుష్‌లను (ఇరుసు తిరిగే చిన్న గొట్టాలను) మాత్రం బిగించే ముందు ఇంజనాయిల్‌లో నానబెట్టాలి.

అపోహ: స్టార్ట్ అయ్యేదాకా తాళం వదలకూడదు

1912 క్యాడిలాక్ కారుకు ఛార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ స్టార్టర్ తయారు చేయడానికి ఆధారమైన ఆలోచన ఇదే: కొద్ది క్షణాలే పని చేయాలి కాబట్టి చిన్న మోటారు మీద పెద్ద భారం వేయవచ్చు. ఆ కొద్ది క్షణాలు దాటితే తీగల పూత కాలుతుంది. పది పదిహేను సెకన్లు కొట్టి, కనీసం ఒక నిమిషం ఆగండి. మూడుసార్లకు అందుకోకపోతే లోపం డీజిల్ సరఫరాలో వెతకండి. ఇంజను అందుకున్న తరువాత తాళం పట్టుకుని ఉండటమూ ప్రమాదమే. పినియన్ ఫ్లైవీల్ కంటే ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది, బెండిక్స్ క్లచ్ బిగుసుకుంటే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చుట్లు విసురుకు ఊడిపోతాయి.

అపోహ: సెల్ఫ్ లేకపోతే తోస్తే సరి

పాత డీజిల్ బండి తోస్తే అందుకుంటుంది, నిజమే. కానీ పినియన్ రింగులో ఇరుక్కుని ఉండగా తోస్తే సెల్ఫ్ మూతి (పినియన్ ఉండే ముందు భాగం) పగులుతుంది. ముందు పుల్లీ తిప్పి చూసి, ఆ తరువాతే తోయండి.

అపోహ: స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం పెద్ద పనేమీ కాదు

దీని గురించి నాకు భయం ఉంది, దాచుకోను. బండి కింద పడుకుని సొలినాయిడ్ బోల్టులు కలిపితే, గేరులో మరచిపోయిన లారీ అక్కడికక్కడే ముందుకు దూకుతుంది. చక్రానికి ఎదురుగా ఉండేది ఆ మనిషి తలే. లావు బోల్టులు రెండూ నేరుగా కలిపితే పినియన్ ముందుకు రాకుండానే మోటారు భారం లేక అదుపు తప్పిన వేగంతో తిరుగుతుంది. పరీక్షించాల్సి వస్తే న్యూట్రల్ చూసి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డాలు పెట్టి, స్టాప్ నాబ్ లాగి, బ్యాటరీ కేబుల్ వచ్చే లావు బోల్టు నుంచి సన్న వైరు టెర్మినల్‌కు పొడవాటి వైరుతో బండి పక్కన నిలబడి ఇవ్వండి.

ఇంకొకటి, తాళం వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటే సొలినాయిడ్ కాంటాక్టులు అతుక్కున్నాయి. తాళం ఎన్నిసార్లు తిప్పినా ఆగదు. బ్యాటరీ కటాఫ్ స్విచ్చి వెంటనే లాగాలి, అది లేని లారీలో ఎర్త్ క్లాంపు విప్పాలి. ఆ క్లాంపుకు సరిపోయే పానాను బ్యాటరీ పెట్టె మూతకే తాడుతో కట్టి ఉంచండి, ఎక్కడుందో క్లీనర్‌కు కూడా చూపించండి.